అమ్మకీ కొడుక్కీ పదకొండేళ్ల తేడా

మార్చి 3

రాసుకో. కాగితాల్లో నాకో పేరుంది గానీ ఆ పేరుతో పిలిస్తే నేను పలకను. అందరూ నన్ను కలెక్టరమ్మ అంటారు. ఎగతాళికి పెట్టారు, నాకు నచ్చింది, ఉంచుకున్నాను. వయసు డెబ్బై మూడు. కాగితాల్లో అరవై ఏడని ఉంది, అది తప్పు. చదువు లేదు. మా ఆయన పోయి పన్నెండేళ్లు. ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్లు. ఇంట్లో నేను, కొడుకు, కోడలు. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. కోడలికి ఆసుపత్రి లాండ్రీలో పని. మేం ఉండేది నాలుగో అంతస్తు. మా లిఫ్టు పనిచెయ్యదు.

ఎందుకు రాయిస్తున్నానంటే, వీసా ఆఫీసులో ఏ రోజు ఎవరేమన్నారో తారీఖు వేసి పెట్టుకోమని మా కాగితాలు చూసే వకీలమ్మ చెప్పింది. రేపు వాళ్లు మేం అనలేదంటే చూపించడానికి. చెప్పేది నేను, రాసేది కోడలు. నేనన్నది అన్నట్టు రాయాలి, దాని మీద అన్నదైనా సరే.

ఇవాళ నా కార్డు రెన్యువల్‌కి వెళ్లాం. కొడుకు పోషణలో ఉన్న తల్లి అంటేనే నన్ను ఇక్కడ ఉండనిస్తారు. టోకెన్ అరవై నాలుగు. రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. కౌంటర్లో కళ్ళజోడు పిల్ల నా కాగితం చూసింది, కొడుకు కాగితం చూసింది, మళ్లీ నాది చూసింది. మీ ఇద్దరికీ పదకొండేళ్లే తేడా, పదకొండేళ్ల పిల్ల ఎలా కన్నదని అడిగిందట. కోడలు నాకది మెల్లగా చెప్పింది. నేను మెల్లగా చెప్పలేదు. పురుడు నువ్వొచ్చి పోశావా అన్నాను. కోడలు ఆ మాట ఆ పిల్లకి చెప్పలేదు. ఎందుకంటే భయమంట.

మార్చి 4

నిన్న రాసింది కింద అంతస్తు దర్జీతో చదివించుకున్నాను. మన భాషవాడు. చివర భయమంట అన్న ముక్క లేదు. కోడలు మరిచిపోయిందట. మళ్లీ రాయించాను.

మార్చి 9

వకీలమ్మ దగ్గరికి వెళ్లాం. వయసు ఎందుకు తప్పు పడిందని అడిగింది. రేషన్ కార్డు రాసినాయన మొహం చూసి ఒక అంకె వేశాడు, పాస్‌పోర్టులో కూడా అదే ఎక్కింది అన్నాను. అలాంటివి చాలా చూశాను అందావిడ. నమ్మింది. నా కొడుకు నవ్వాడు. మా అమ్మ మొహం చూసి వయసు తగ్గించిన మగాడు అతనొక్కడే అన్నాడు.

మార్చి 17

ఉత్తరం వచ్చింది. ముప్పై రోజుల్లో నేను వీడి తల్లినని రుజువు చెయ్యాలి. లేకపోతే దేశం వదలాలి. కాన్పు కాగితం లేదు గనక డీఎన్ఏ టెస్టు చాలట. తల్లి నోట్లో దూది, కొడుకు నోట్లో దూది, అంతే.

కొడుక్కి పట్టరాని సంతోషం. ఆ రిపోర్టు కళ్ళజోడు పిల్ల టేబుల్ మీద తనే పెడతానన్నాడు. శుక్రవారానికి సెలవు కూడా అడిగేశాడు.

మార్చి 18

ఇవ్వను.

మార్చి 20

శుక్రవారం. వెళ్లలేదు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, నేను మంచం దిగలేదు. అమ్మా, దూదికి కూడా రాద్ధాంతమా అన్నాడు. నా నోరు నా ఇష్టం అన్నాను. నీకు నోరుందని ఈ వీధి మొత్తానికీ తెలుసు, ఆఫీసువాళ్లకి తెలిస్తే చాలు అన్నాడు. కోడలు నవ్వబోయి ఆపుకుంది. తర్వాత వాడు కూర్చుని అడిగాడు, పంపించేస్తే అక్కడ నీకెవరున్నారని. ఎవరూ లేరు. అది నాకు చెప్పాలా.

మార్చి 21, మధ్యాహ్నం రెండు గంటలు

వాడు డ్యూటీకి వెళ్లాడు. కోడలికి సెలవు. తలుపేసి వచ్చి కూర్చో, ఇవాళ్టిది దర్జీ చదవడు అన్నాను.

కాగితం తప్పు కాదు. నాకు అరవై ఏడే. మిగతా ఆరేళ్లూ నేను కలుపుకున్నవి. వీణ్ణి బళ్లో వేసినప్పట్నుంచీ అడిగినవాళ్లందరికీ అలాగే చెప్పాను. ఆ కళ్ళజోడు పిల్లకి లెక్క వచ్చు.

ఇక్కడ కోడలు పెన్ను పెట్టేసింది. తియ్యి అన్నాను. ఏడుపు తర్వాత, ముందు రాయి.

వీణ్ణి కన్నది మా అక్క. వీడికి పదకొండో నెలలో అది జ్వరంతో పోయింది. మా అమ్మ పిల్లాణ్ణి ఇంటికి తెచ్చింది. తెచ్చింది గానీ కూలికి పోకపోతే గడవదు. కాబట్టి నాకిచ్చింది. నాకప్పటికి పన్నెండు నిండలేదు. చంకనేసుకుంటే వాడి కాళ్లు నా మోకాళ్లకి తగిలేవి. వాడు నన్నే అమ్మా అన్నాడు. మా అమ్మ పిన్ని అనిపించాలని చూసింది, వాడు వింటే కదా. నాకు పదిహేనొచ్చాక బావకే, వీడి నాన్నకే, ఇచ్చి చేశారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా పిల్లాడి కోసం ఊఁ అనేదాన్నే. బావకి ఎక్కడో పని దొరికితే ముగ్గురం వెళ్లిపోయాం, అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. సవతి తల్లి అన్న మాట వీడి చెవిన పడనివ్వనని బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నాకు కడుపు పండలేదు. పండాలని నేను మొక్కుకోనూ లేదు.

దూది ఇస్తే వాడికి తెలుస్తుంది. ఇవ్వకపోతే పంపించేస్తారు. పోతే పోతాను, వాడికి మాత్రం తెలియొద్దు అనుకున్నాను.

కోడలు కళ్లు తుడుచుకుని అంది, అత్తయ్యా, ఇది వకీలమ్మకి చెప్పక తప్పదు, ఆవిడకంటే ముందు ఆయనకి చెప్పాలి, ఎవరు చెబుతారని. నేనే అన్నాను.

మార్చి 22

చెప్పాను. వాడు టూల్ బ్యాగు తీసుకుని కిందకి వెళ్లి మా బిల్డింగు లిఫ్టు బాగుచేశాడు. అది వేరే కంపెనీ వాళ్లది, వాడు ముట్టుకోకూడదు.

మార్చి 26

పెంచిన సవతి తల్లికి కూడా దారి ఉందంది వకీలమ్మ. స్కూలు సర్టిఫికెట్లో తల్లి గడిలో నా పేరుంది, అది పనికొస్తుంది. అది కాక కొడుకు ప్రమాణం చేసి రాసివ్వాలి. ఈమె నన్ను కనలేదు, ఏడాది నిండకముందు నుంచీ పెంచింది అని.

వాడు లేచి నిలబడ్డాడు. మా అమ్మ మా అమ్మ కాదని గవర్నమెంటుకి నేను రాసివ్వాలా అన్నాడు. వకీలమ్మకి మా భాష రాదు. కోడలు ఇది కూడా చెప్పలేదు. ఈసారి నేనూ అడగలేదు.

మార్చి 29

సంతకం పెట్టలేదు. ఇంకా పద్దెనిమిది రోజులు.

ఏప్రిల్ 2

అన్నం దగ్గర పట్టుకున్నాను. ఏరా, నేను అక్షరం ముక్క రానిదాన్ని, ఆ కాగితంలో నువ్వు నన్ను రాక్షసి అని రాసినా నాకు తెలియదు, సంతకం పెట్టడానికి నీకేం నొప్పి అన్నాను. వాడు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. తర్వాత ఆవిడ పేరేంటి అని అడిగాడు. చెప్పాను. ఎలా ఉండేదన్నాడు. నవ్వితే పై చిగురు కనబడేది, నీకులాగే అన్నాను. ఇంకా చెప్పమన్నాడు. నాకు గుర్తున్నది కొంచెమే, అంతా చెప్పేశాను. పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, పెట్టాడు సంతకం.

అక్క పేరు ఇందులో రాయొద్దన్నాను కోడలితో. అది నేను వాడికి చెప్పిన పేరు, ఆఫీసుకి కాదు.

మే 14

కార్డు వచ్చింది. రెండేళ్లకి. సంబంధం అన్న గడిలో సవతి తల్లి అని ఉందట. వాడు చూసి, ఫోటో బాగా రాలేదన్నాడు.

కలెక్టరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు:
కోడలు. రాసింది నేనే, ఏమీ తగ్గించలేదు.
కొడుకు.