పదిహేనో కుర్చీ

తైనాన్, అక్టోబరు 9

పీ-యూన్ అక్కకు,

మీ ఆయన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న షు-చేన్ రాస్తున్నది. మీరు నన్ను ఎరగరు. డయాలిసిస్ సెంటరులో పదిహేనో కుర్చీ పక్క సొరుగులో కో గారి శాలువా దొరికింది. ఎక్కడైనా మరచిపోతారనేమో, అంచున మీరు ఇద్దరి పేర్లూ చిరునామా కుట్టారు. దాన్ని పంపడానికే ఈ ఉత్తరం అంటే అబద్ధమవుతుంది.

నా కిడ్నీలు పోయి తొమ్మిదేళ్ళు. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు నా నెత్తురు యంత్రంలోకి వెళ్ళి శుభ్రపడి తిరిగి వస్తుంది. అదంతా నాకు అలవాటే. ఈ సెంటరుకు మారి రెండు నెలలైంది. ఇక్కడ మూడో గంట దాటగానే ఎవరో నా ఎడమ చెయ్యి పట్టుకుంటారు. మోచేతి దగ్గర ఒక్కో వేలూ ఆన్చి, బిగించి, మెల్లగా భుజం మీదుగా గుండె వైపు వస్తారు. చల్లటి చెయ్యి. ముప్పై ఏళ్ళు ఐసు నీళ్ళలో చేపలు కడిగి చేపల గంజి అమ్ముకున్నదాన్ని, చలి ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇది వేరు.

డాక్టరుకు మూడుసార్లు చెప్పాను. "అమ్మా, కిడ్నీలు లేని ఒళ్ళు, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. అన్నీ పట్టించుకుంటే ఎలా?" అన్నారు. మూడోసారి నిద్రమాత్ర రాశారు. జ్వరం వచ్చినా కిడ్నీయే, కాలు జారినా కిడ్నీయే. పక్క కుర్చీ ముసలావిడ మాత్రం, "ఇన్నాళ్ళకు నీ చెయ్యి పట్టుకునేవాడు దొరికాడే!" అని నవ్వి, ఆ నవ్వు సగంలోనే ఆపేసి, "కో మావయ్య కూడా ఇదే చెప్పేవాడు" అంది.

నిన్న భయంతో కుర్చీ కుడిచేతి అడుగుభాగాన్ని గట్టిగా పట్టుకున్నాను. రెక్సిన్ మీద గోటి గాట్లు వేళ్ళకు తగిలాయి. ఒకే వరసలో ముప్పై ఒకటి. అవి ఆయనవేనా? ఇక్కడ వేరే కుర్చీ ఖాళీ లేదు. వచ్చే వారం నుంచి అసలు వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. వెళ్ళకపోతే ఓ పది రోజులు బతుకుతానేమో. మా అమ్మాయికి చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

షు-చేన్

అన్‌పింగ్, అక్టోబరు 13

చెల్లెలు షు-చేన్‌కు,

శాలువా తిరిగి నీకే పంపుతున్నాను, కప్పుకో. ఆ గాట్లు ఆయనవే. చెయ్యి పట్టుకున్న రోజల్లా ఒకటి గీస్తున్నానని చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? "నీ కిడ్నీల గోల వినలేక చస్తున్నాను, నోరు మూసుకో" అన్నాను. నిన్ను డాక్టరు నమ్మలేదు. ఆయన్ని కట్టుకున్న పెళ్ళామే నమ్మలేదు. మే నెలలో సెంటరు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. అప్పుడు పట్టుకున్నాను ఆ చెయ్యి.

ఆయన పోరగా పోరగా ఒకసారి యంత్రాన్ని పరీక్ష చేయించారు. ఆ కాగితం నా దగ్గరుంది. "యంత్రం 15, లోపం లేదు" అని రాశారు. అది చూసే నేనూ ఊరుకున్నాను. కానీ నీ ఉత్తరం వచ్చిన రోజు ఒకటి జరిగింది. మా మేడలో నాలుగు అపశకునమని నాలుగో అంతస్తు లేదు, అంకెల్లో మూడు తర్వాత ఐదే. లిఫ్టు చెడిపోయి, కొత్త గ్యాసతను అంతస్తులు లెక్కపెట్టుకుంటూ మెట్లెక్కాడు. మా ఐదు దాటిపోయి ఆరో అంతస్తు వాళ్ళ తలుపు బాదాడు. "ఐదే కదా ఎక్కాను పెద్దమ్మా!" అని ఒకటే వాదన. వాణ్ణి తిడుతూ తిడుతూ ఆగిపోయాను. మీ సెంటరులో నాలుగో కుర్చీ ఉందా? పద్నాలుగోది?

అది చూసే దాకా మానకు. నా మాట విను.

పీ-యూన్

తైనాన్, అక్టోబరు 20

అక్కా,

లేవు. నాలుగూ లేదు, పద్నాలుగూ లేదు. మన భాషలో నాలుగంటే చావన్నట్టే వినబడుతుంది, ఆ అంకె మీద రోగిని ఎవరు కూర్చోబెడతారు? కానీ యంత్రాలను వరసగా లెక్కపెట్టే మెకానిక్ జాబితాలో రెండూ ఉన్నాయి. యంత్రాలకు చావు భయం లేదు కదా. మంగళవారం తలుపు దగ్గర నుంచి వేలితో చూపిస్తూ పైకే లెక్కపెట్టాను. నా కుర్చీది పదమూడో యంత్రం. వాళ్ళు పరీక్షించిన పదిహేనో యంత్రం పదిహేడో కుర్చీది. డాక్టరు నవ్వబోయి ఆగిపోయారు.

నన్ను పక్క గదిలోకి మార్చి, ఆ యంత్రాన్ని నాలుగు గంటలూ ఖాళీగా నడిపించారు. మూడో గంట దాటాక లోపల నీళ్ళు వెచ్చబెట్టేది ఆగిపోతోంది. మోగాల్సిన గంట మోగడం లేదు. చల్లబడిన నెత్తురు అలాగే చేతిలోకి, అక్కడి నుంచి గుండెకు. కో గారు పోయింది దీనివల్లేనా అని అడిగాను. "చెప్పలేమమ్మా. ఆయన రెండు మూడుసార్లే కదా చెప్పింది" అన్నారు డాక్టరు.

నాకు ఒళ్ళు మండింది. "వంగి లెక్కపెట్టండి" అన్నాను.

డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీ చేతి అడుగున టార్చి వేసి, వేలు ఆన్చి లెక్కపెట్టారు. ముప్పై ఒకటి దగ్గర ఆగలేదక్కా. ముప్పై రెండు, ముప్పై మూడు అంటూనే ఉన్నారు. నేను ఒక్కటీ గీయలేదు. వంగి చూశాను. కో గారి వరస వెనక, గోడ వైపు, దుమ్ము పట్టి అరిగిపోయినవి ఇంకో పంతొమ్మిది. సన్నటి గోరు. ఆడమనిషిదేమో.

యంత్రం మార్చారు. ఇప్పుడు నా చెయ్యి ఎవరూ పట్టుకోవడం లేదు. శాలువా మాత్రం కప్పుకునే కూర్చుంటున్నాను. డాక్టరు పాత రిజిస్టర్లు తెప్పిస్తున్నారు. ఆ పంతొమ్మిది గాట్ల మనిషి చిరునామా దొరికితే మనిద్దరం కలిసి ఆ ఇంటికి రాద్దాం. అక్కడా ఎవరో ఒకరు నోరు మూసుకోమనే ఉంటారు. మీ మనిషి చెప్పింది నిజమేనని వాళ్ళకు చెప్పాలి కదా.

మీ చెల్లెలు
షు-చేన్