సెట్‌లో వినబడిన పేర్లు

మార్చి 7, 2011. సోమవారం

బస్సులు తక్కువ. ఎల్‌బీనగర్ చౌరస్తాలో చాలాసేపు నిలబడ్డాను. పక్కనే బందోబస్తు కానిస్టేబుల్, భుజాన వైర్‌లెస్ సెట్. వాల్యూమ్ ఫుల్. అందులో ఎవరో ఆఫీసర్ పేర్లు చదువుతున్నాడు, అడ్రసులతో సహా. తెలంగాణ కోసం గురువారం జరిగే మార్చ్‌లోపు అరెస్టు చెయ్యాల్సిన స్టూడెంట్లట. పుచ్చకాయల బండామె కత్తి ఆపి వింది. నేనూ విన్నాను. ఒక పేరు అభిలాష్, హయత్‌నగర్. మా ఆఫీసులో నాతో పనిచేసే మట్టయ్యగారి అన్న కొడుకు.

మార్చి 8

అవే పేర్లు ఈ పొద్దున పోలీసు ఆఫీసులో మా సెక్షన్‌కు వచ్చాయి. కవరు మీద ఎర్రగా టాప్ సీక్రెట్. ఇలాంటి ఆర్డర్లు దారిలో ఎవరూ చదవకుండా కోడ్‌లోకి మార్చి పంపడం మా పని. ఉన్నది ఇద్దరమే. మట్టయ్యగారు చదువుతారు, నేను టైప్ చేస్తాను. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేస్తాం.

అభిలాష్ పేరు దగ్గర ఆయన గొంతు మారలేదు. నిన్న నేను విన్నది చెప్పాను.

"ఊరంత ఇన్నంక గీ కోడ్ ఎందుకు, చెల్లె?" అన్నారు. తర్వాతి పేరు చదివారు. డ్యూటీ దిగేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మార్చి 9

పోలీసులు వెళ్ళేసరికి ఏ ఇంట్లోనూ ఆ స్టూడెంట్లు లేరట. పేర్లు మా సెక్షన్ నుంచే బయటికి పోయాయని అనుమానం. మట్టయ్యగారిని పొద్దున్నే పై అంతస్తుకు పిలిచారు. తిరిగి సెక్షన్‌కు రాలేదు. ఆయన సొరుగుకు సీలు వేశారు.

మార్చి 11

ఎంక్వైరీ. ఎంక్వైరీ ఆఫీసర్ చక్రపాణిగారు టీ తెప్పించారు. "మీది తెనాలే కదమ్మా," అన్నారు, మనవాళ్ళే అన్న గొంతుతో. మట్టయ్య బయటికి వెళ్ళాడా, ఎవరితోనైనా మాట్లాడాడా అని అడిగారు. లేదన్నాను. చౌరస్తా సంగతి చెప్పాను. ఆయన పెన్ను ఆగింది.

సెట్‌లో అలాంటివి చదవకూడదని రూల్ ఉందట. కాబట్టి చదవలేదట.

"నేను విన్నానండీ."

"వినలేదమ్మా. సంతకం పెట్టి ఇంటికెళ్ళు."

విన్నదంతా స్టేట్‌మెంట్ కింద నా చేత్తో రాసి, అప్పుడు సంతకం పెట్టాను. ఏమీ అనిపించలేదు.

మార్చి 12

ఆఫీసులో తెలంగాణవాళ్ళు ఇబ్బంది పెడుతున్నారా అని మావారు అడిగారు. కాదన్నాను. మరి ఎవరు అన్నారు. ఆఫీసు విషయాలు ఇంట్లో చెప్పనని ఉద్యోగంలో చేరినప్పుడే ప్రమాణం చేశాను. ఆయన కాలేజీకి బంద్ కదా, రోజంతా దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే. టీవీ పెట్టుకున్నారు.

మార్చి 20, ఆదివారం

హయత్‌నగర్ వెళ్ళాను. మట్టయ్యగారి భార్య అండాలమ్మ గడపలోనే నిలబెట్టింది. "ఆయన మీద మీరే రాసిచ్చిర్రట గదా," అంది. లోపలినుంచి మట్టయ్యగారు, "ఆమె అట్ల రాయలే. రానియ్యి," అన్నారు. ఆమె పక్కకు జరిగింది. నీళ్ళిచ్చింది.

అభిలాష్ తనంతట తానే స్టేషన్‌కు వెళ్ళాడట. పేర్లు చౌరస్తాలో దోస్తులు విన్నారు, చిన్నాయనకు ఏం సంబంధం లేదు అని చెప్పాడట. లోపల కూర్చోబెట్టారు. వాడి చెయ్యి విరిగింది. మట్టయ్యగారు గోడకేసి చూస్తూ చెప్పారు. నేనూ అటే చూశాను.

మార్చి 28

మట్టయ్యగారి మీద రుజువు దొరకలేదు. అయినా ట్రాన్స్‌ఫర్. ఆసిఫాబాద్, స్టోర్స్. అభిలాష్‌కు బెయిలొచ్చింది. నా స్టేట్‌మెంట్ టైప్ చేసిన కాపీ చూపించారు. నేను చేత్తో రాసినది అందులో లేదు.

ఏప్రిల్ 4

సీక్రెట్ సర్క్యులర్ ఒకటి, అన్ని స్టేషన్లకూ. పేర్లు, అడ్రసులు వైర్‌లెస్‌లో చదవరాదు. జనం మధ్య సెట్ సౌండ్ తగ్గించాలి.

కింద చక్రపాణిగారి సంతకం. చదివేవాళ్ళు లేరు. నేనే చదువుకుని నేనే కోడ్ చేశాను.

ఏప్రిల్ 5

కూరేం చెయ్యమంటావని మావారు అడిగారు. అది కూడా ఇంట్లో చెప్పవచ్చో లేదో తేలక అలాగే నిలబడ్డాను.