మిర్చి బస్తాల మధ్య ఈల్

నవంబర్ 16, ఆదివారం

చర్చి అయ్యాక నేనూ మా ఆయన కరుణాకర్ వాడరేవు వెళ్లాం, చేపలకి. లోతు రొయ్యల కోసం వెళ్లిన బోటు పొద్దున్నే వచ్చింది. చేపలమ్మే ప్రేమమ్మ రొయ్యలు ఏరుతూ నల్లటిదొకటి చెత్తలోకి విసిరింది. వంగి తీశాను.

ఈల్, పాములాంటి చేప! జానెడు కూడా లేదు. మూతి పక్షిముక్కులా సన్నగా పొడుగ్గా ఉంది. పై దవడ పైకి, కింది దవడ కిందికి వంగి, చివర్లు కలవనే కలవవు. తోక బాణానికి ఈకలు కట్టినట్టుంది. కళ్లు ఆవగింజలంతే. వెలుతురు చేరని లోతుల్లో బతికేది! ఇన్నేళ్లుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను, ఇలాంటిది బొమ్మలో తప్ప చూడలేదు.

అది పులుసుకి పనికిరాదు టీచరమ్మా అంది ప్రేమమ్మ. టిఫిన్ బాక్సులో ఐసు వేసి తెచ్చాను.

అదే రోజు, సాయంత్రం

ఎమ్మెస్సీలో నా సీనియర్ రచన ఇప్పుడు విశాఖలో చేపల సైంటిస్ట్. ఫొటో పంపాను. వెంటనే ఫోన్! బాబ్‌టెయిల్ స్నైప్ ఈల్ అని అరిచింది. నేనూ అరిచాను. మామూలుగా వలలో ఆ ముక్కు విరిగిపోతుందట, ఇంత చక్కగా దొరకడం అరుదట. ఫార్మలిన్‌లో మాత్రం వేయొద్దు, డీఎన్‌ఏ పాడవుతుంది, చల్లగా ఉంచు, బుధవారం వస్తానంది.

నవంబర్ 17, సోమవారం

గాలివాన. మా అద్దంకి మొత్తం కరెంటు లేదు. ఫ్రిజ్ కింద నీళ్లు. ఐసు ఎక్కడా లేదు.

కరుణాకర్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. అక్కడ జనరేటర్ ఉంది. అడిగాను. వద్దన్నాడు. రైతుల సరుకు షారోన్, చేప వాసన పట్టిందంటే నా ఉద్యోగం పోద్ది అన్నాడు. మళ్లీ అడిగాను. బాక్సుకి కవర్ల మీద కవర్లు చుట్టి పట్టుకెళ్లాడు.

నవంబర్ 18, ఉదయం 11.30

దొరికిపోయాం. ఓనర్ రామచంద్రమూర్తి గారు నన్ను రమ్మంటున్నారట.

నవంబర్ 18, సాయంత్రం

క్లాసులోంచి చేతుల నిండా సుద్దపొడితోనే పరిగెత్తాను. బస్తాల మధ్య కరుణాకర్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. బాక్సు నాదేనండి అని తన మీద వేసుకున్నాడట. కాదండీ నాది, ఆయన వద్దన్నా నేనే పంపించాను అన్నాను. మిర్చి ఘాటుకి తుమ్ములు. తుమ్ముతూనే మూత తీసి చూపించాను. నోరు ఆగలేదు. ఇది ఎంత లోతున ఉంటుందో, ఎంతమంది చూడకుండానే పోతారో అన్నీ చెప్పేశాను.

ఓనర్ గారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత గట్టిగా అరిచారు. నాలుగో చాంబర్ ఖాళీగానే ఉంది కదమ్మా, ఆ ముక్క ముందే నన్నడిగితే పోయేది కదా అని! నిజమే. అడిగితే పోయేది. ఉద్యోగం ఉంది. ఈల్ నాలుగో చాంబర్‌లో ఉంది.

కరుణాకర్ ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు.

నవంబర్ 19, బుధవారం

రచన వచ్చింది. చాంబర్‌లో నేల మీదే కూర్చుని లెన్స్ పెట్టి చూసింది. ఒక్క పన్ను కూడా పోలేదు షారోన్ అంది. చిన్న ముక్క కోసి స్పిరిట్‌లో వేసుకుంది. లెన్స్ కరుణాకర్‌కి ఇచ్చింది. చూసి, ఒరేయ్, దీని నోరు మూతపడదేంట్రా అన్నాడు ఈల్‌తోనే. తర్వాత నా వైపు చూసి, అచ్చం నీలాగే అన్నాడు. నవ్వాడు! సోమవారం నుంచి ఇదే మొదటిసారి.

డిసెంబర్ 2

రచన ఫోన్. జనవరిలో లోతు సముద్రపు చేపల సర్వేకి ఓడ బయల్దేరుతోందట. మనుషులు కావాలట. వస్తావా అంది. వస్తానని అనేశాను. ఆ తర్వాత కరుణాకర్‌ని అడిగాను. ఈసారైనా ముందు అడుగుతావనుకున్నా అన్నాడు. బ్యాగు మాత్రం అటక మీంచి తనే దించాడు.

జనవరి 20, ఓడ మీద

ఏ వైపూ ఒడ్డు కనిపించడం లేదు. వల దించుతున్నారు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, నాకు ఈత రాదు.