ఆ గోలీలు పంపడం లేదు

ఆరాధన వాళ్ల నాన్నకు,

మహిమ వందనాలు. ఆ కొండల్లో ప్రభువు మిమ్మల్ని కాపాడాలని రోజూ మొక్కుకుంటున్నాం. నేనూ పాపా బాగున్నాం. మామయ్య సంగతి కింద రాస్తాను. తొందరపడి కిందికి చూడకుండా వరసగా చదవండి.

మీ ఉత్తరం తిరుపతి తెచ్చి ఇచ్చాడు. అతని సెలవు అయిపోయింది, రేపు మళ్లీ మీ సొరంగం పనికే వస్తున్నాడు. అందుకే ఇది అతని చేతికి ఇస్తున్నాను. మీ క్యాంపులో సిగ్నల్ రాదని ఇన్నాళ్లూ బాధపడేదాన్ని. ఈసారి మాత్రం అదే మేలనిపించింది. ఇందులో రాసేవి నోటితో చెప్పడం నా వల్ల కాదు.

మీరు అడిగినవి ముందు చెబుతాను. పాప నడుస్తోంది. గోడ పట్టుకోకుండా గడప దాకా వస్తుంది, అక్కడ ఆగి దాటించమని ఏడుస్తుంది. వెనక గది రేకు ఇంకా మార్చలేదు. మేక ఈనింది, పిల్ల దక్కలేదు. మీ నల్ల చొక్కా ఇక్కడే ఉంది, తిరుపతికి ఇచ్చాను. పామాయిల్ తోటల్లో పూత విచ్చి పసుపుపచ్చ పొడి గాలికి లేస్తోంది. ఉతికిన బట్టల మీదా, కడిగిన గిన్నెల మీదా అదే. మామయ్య తుమ్ములు ఆగాయా అని అడిగారు. ఆగాయి. ఆయన ఇప్పుడు తోటకే పోవడం లేదు.

అత్తమ్మ పోయినప్పటి నుంచి మా ఇద్దరి తీరు ఎట్లా ఉందో మీకు తెలుసు. నేను మామయ్య ఎదుట నిలబడను, ఆయన నాకు ఏదీ నేరుగా చెప్పరు. ఏ మాటయినా పాపను మధ్యలో పెట్టుకునే. "తాతకు నీళ్లు కాగినయని చెప్పమ్మా" అని నేను, "అమ్మను బువ్వ తినమను బిడ్డా" అని ఆయన. పక్కింటి జంపక్క నవ్వుతూనే ఉంటుంది. "ఏందే మహిమా, ఆ పొల్లకు ఇంకా మాటలే రాలే, దాంతోని కబుర్లు పంపుతరు. పొల్ల పండుకుంటే ముసలోడు ఉపాసమేనా?" అంటుంది. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

పోయిన ఉత్తరంలో నేను గొప్పగా రాశాను, మామయ్య తుమ్ములకు మంచి గోలీలు దొరికాయి, ఒక్కటి వేసుకుంటే ముక్కు తెరుచుకుంటోంది అని. అది చదివే మీరు అవే గోలీలు తిరుపతితో పంపమన్నారు. అక్కడ చెట్లు పూశాయని, లోడర్ బండి మీద కూర్చుంటే తుమ్ముల మీద తుమ్ములని రాశారు. ఆ కిందనే క్యాంపు డాక్టరు బీపీ చూస్తే ఎక్కువే ఉందన్నాడని, మీరు నవ్వి ఊరుకున్నారని రాశారు. ఆ మాట దగ్గర ఆగి రెండుసార్లు చదివాను.

నేను ఆ ఉత్తరం రాసిన కొద్ది రోజులకే మామయ్యకు ఒంటికి బంద్ అయింది, మూత్రం చుక్క రాలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంటి వెనక బండ మీద కూర్చుని చెమటలు కక్కుతుంటే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాను. అదీ తాగారు. చివరికి జంపక్కే వెళ్లి నిలదీసింది. "ఏందన్నా, కడుపు పట్టుకుంటివి? అన్నం అరగలేదా, ఒంటికి రాలేదా? సిగ్గుపడి సస్తవా?" అంటే అప్పుడు తల ఊపారు. ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. గొట్టం వేస్తే ప్రాణం కుదుటపడింది.

అక్కడి డాక్టరమ్మ నా చేతిలోని గోలీల అట్ట చూసి అడిగింది, "ఇవి ఎవరిచ్చిన్రు?" అని. తర్వాత నిమ్మళంగా చెప్పింది. "దీంట్ల రెండు మందులుంటయమ్మా. ఒకటి తుమ్ములు ఆపుతది, నిద్ర తెస్తది. ఇంకోటి ముక్కు తెరుస్తది, గని బీపీ పెంచుతది. ఈయనకు మూత్రం సంచి కింద గ్రంథి వాచింది. గట్లున్నోళ్లకు ఈ రెండూ పడవు. మీద నుంచి జలుబని ఇంకో గోలీ గూడ మింగిండంట. దాంట్లనూ ఇదే మందు." ఆ రెండో గోలీ సంగతి నాకు తెలియదు. పనికాడ ఎవరో ఇస్తే వేసుకున్నారట.

ఇక చెప్పకుండా దాచింది రాస్తున్నాను. గోలీలు కొన్నప్పుడు మెడికల్ షాపులో దీపిక అనే అమ్మాయి ఊరికే ఇవ్వలేదు. ఎవరికి, వయసెంత అని అడిగింది. "బీపీ ఉన్నదా? గుండె జబ్బు? ఒంటికి పోతానికి తిప్పలయితదా? అడిగి రా అక్కా, లేకుంటే ఫోన్ చెయ్యి" అన్నది. నా వెనక మనుషులు నిలబడి ఉన్నారు. మామయ్యను ఆ మాట నేను ఎట్లా అడగను? పాపతో అడిగించే మాట కాదు కదా. "ఏమీ లేవు" అన్నాను. ఆయన మాటిమాటికీ లేచి పెరట్లోకి పోవడం నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

గొట్టం ఒకసారి తీసి చూశారు. మళ్లీ రాలేదు, మళ్లీ వేశారు. మందులు ఇచ్చారు, వాటితో తగ్గకపోతే ఖమ్మంలో ఆపరేషన్ అంటున్నారు. గొట్టం చివరన మూత్రం పట్టే సంచిని తొడకు కట్టుకుని లుంగీ కింద దాచుకుంటారు. ఈస్టర్ ముందటి ఈ తపస్సుకాలంలో సిలువ మార్గానికి పోలేదు. ఏటా ముందుండి సిలువ మోసేది ఆయనే కదా. ఈసారి వేరేవాళ్లు మోసుకుంటూ మన ఇంటి ముందు నుంచే పోయారు. తలుపు వేసుకుని లోపల కూర్చున్నారు. మొదట్లో సంచి తానే వంచుకునేవారు, సగం నేల మీద ఒలికిపోయేది. ఇప్పుడు నేను వంచుతున్నాను. అప్పుడు ఆయన గోడ వైపు చూస్తారు, నేను నేల వైపు చూస్తాను.

"కొడుక్కు చెప్పకు బిడ్డా. వాడు పని ఇడిసి ఉరుకొస్తడు. ఈ అవతారం వానికి తెలువద్దు" అని పాపను పట్టుకుని నాకే చెప్పారు. సరేనన్నాను.

అందుకే నాకు ఏమీ తోచలేదు. కారణం చెప్పకుండా వద్దంటే మీరు వినరు. తిరుపతి అప్పటికే, "దాంట్లేముంది వదినా, పేరు చెప్పు, నేనే కొనుక్కపోత" అన్నాడు. నిన్న గొట్టం చూపించడానికి పోయినప్పుడు డాక్టరమ్మను పక్కకు పిలిచి మీ గురించి అడిగాను. ఆమె చెప్పిన మాటలివి. బీపీ మళ్లీ చూపించుకోకుండా అటువంటి గోలీ ముట్టవద్దు. మీ డాక్టరుకు బీపీ ఎక్కువని చెప్పి, తుమ్ములు ఆపే మందు ఒక్కటే ఉండి నిద్ర తక్కువ తెచ్చే గోలీ అడగండి. అది వేసుకున్నా మీకు మత్తు వస్తుందో లేదో తెలిసేదాకా బండి ఎక్కవద్దు. దాని మీద తాగవద్దు. పక్కవాళ్లు ఇచ్చే జలుబు గోలీలు కలపవద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ఇంటికి వచ్చాక మొదటిసారి మామయ్య ఎదుట నిలబడి నేరుగా మాట్లాడాను. పాప నిద్రపోతోంది. "మామయ్యా, ఆయనకు బీపీ ఉన్నదంట. అవే గోలీలు పంపమంటున్నరు" అన్నాను. షాపులో నేను అన్న మాటా చెప్పాను. ఆయన లుంగీని సంచి మీదికి లాక్కున్నారు. తర్వాత, "నువ్వు అడిగినా నేను లేదనే అంటుంటి" అన్నారు. మళ్లీ ఆయనే, "గోలీ వద్దని రాస్తే వాడు నమ్మడు. మొండోడు. నాకు గొట్టం ఏసిన్రని రాయి. సంచి మోస్తున్నననీ రాయి. నేనే రాయమన్నననీ రాయి" అన్నారు. అని అటు తిరిగి పడుకున్నారు. అన్నం తినలేదు.

ఆయన చెప్పినట్టే రాశాను. నా మీద కోపం ఉంటే వచ్చినప్పుడు తీర్చుకోండి. తిరుపతికి పేరు చెప్పలేదు. మూటలో చొక్కా, చింతకాయ పచ్చడి ఉన్నాయి. గోలీల కోసం వెతకకండి.

ఇట్లు,
పాప తల్లి, మీ భార్య
మహిమ