వియ్యపురాలిని పిలవడానికి ఒక మాట

అమ్మడూ, అందరూ బొంతలమ్మ అని పిలిచే మీ అమ్మ చెప్పి రాయిస్తున్న కార్డు ఇది. నాకు డెబ్బై దాటినా, ఇంట్లో నేనూ మీ నాన్నా క్షేమంగానే ఉన్నాం.

ఒకరి భాష ఒకరికి రాదని మీ అత్తగారు అక్కడా, నేను ఇక్కడా, ఇద్దరికీ కొత్తదైన ఎస్పెరాంటో భాష నేర్చుకుంటున్నాం కదా. నిన్న మాకు నోటి పరీక్ష పెట్టారు. చిన్న మాటముక్కలు అతికించి కొత్త మాటలు కట్టమన్నారు. నేను ‘కున్‌బోపత్రీనో’ అన్నాను. బోపత్రీనో అంటే అత్తగారు, ముందున్న కున్ అంటే తోడు. తోటి అత్తగారంటే వియ్యపురాలే కదా.

మాస్టారు నిఘంటువు తిరగేసి, “ఇందులో లేదమ్మా” అన్నారు.

“మా ఇంట్లో ఉంది నాయనా. మీ పుస్తకంలో లేదని ఆవిడని గుమ్మం బయట నిలబెట్టనా?” అన్నాను.

“సరే, విడమర్చి చెప్పకుండా ఎవరికైనా అర్థమైతే మార్కు వేస్తా” అన్నారు.

మార్కు సంగతి అటుంచు. ఇన్నేళ్ళూ ఆవిడని ఏమని పిలవాలో తెలియక నవ్వుతూ కూర్చున్నాను. ఈ మాట ఆవిడకి ఒక్కసారి చదివి వినిపించు. నువ్వు పక్కనుంచి అర్థం అందించావో, నీ పని చెబుతాను.

పిల్లదాని దగ్గు తగ్గిందా? బొంత పంపాను, ఎండలో వేసి కప్పు. మీకందరికీ నా దీవెనలు.

ఆవిడకి అర్థమైతే నన్నూ అదే మాటతో పిలుస్తుంది. పిలిచిందో లేదో వెంటనే రాయి.

ఇట్లు, మీ అమ్మ వేలిముద్ర.
సాక్షులు: ఇది రాసిపెట్టిన ఎదురింటి నర్సమ్మ, పక్కన కూర్చుని నవ్వుతున్న మీ నాన్న.