కడుపులో ఫోను లైను

భిలాయి

మనోజ్ బావగారికి,

ఈ ఉత్తరం రాస్తున్న చేతిని నరికి బ్లాస్ట్ ఫర్నేసులో వేసినా పాపం పోదు, క్షమించండి. అయినా తప్పు మా జువాలజీ పుస్తకానిదే. కడుపులో బిడ్డకు ముందు చర్మంలో నరాల కొసలు మొలుస్తాయనీ, అవి వెన్నుపామును చేరతాయనీ, ఆరో నెల దాటాకే మెదడుకు లైను కలిసి నొప్పి తెలుస్తుందనీ అక్కకు ఫోను తీగలతో పోల్చి చెప్పాను. అమ్మ విని సెక్టర్ సెవెనంతా చాటింది. "మా కోటరుకి మూడేళ్ళయినా ఫోను రానేదు, మనవడికి అప్పుడే కనెక్షనొచ్చేసింది."

మీ శ్రీమతి మాత్రం టీటీ ఇంజెక్షన్ వద్దని నర్సును రెండుసార్లు తిప్పి పంపింది. "లోపల దానికి నొప్పెడతాది, పక్కా" అంటోంది. నిన్న పుస్తకం మళ్ళీ తీశాను. తల్లి నరాలు తల్లివే, బిడ్డ నరాలు బిడ్డవేనట. బొడ్డుతాడులో నొప్పి మోసే తీగే లేదట. ఆ మాట చెబితే, "ఇప్పుడు మాట మారుస్తావేటిరా?" అంది. ఇక మీరే ఆదివారం వచ్చి ఒప్పించాలి.

ఒక్క నేరం ఒప్పుకుంటాను. "నాకు పొడిస్తే బిడ్డకీ తెలుస్తాదేటిరా?" అని అక్క మొదట అడిగినప్పుడు నాకు జవాబు తెలీదు. గెడ్డం నిమురుకుని, డాక్టరులా తల ఊపాను.

మీ బావమరిది