అత్తమ్మ ఎందుకు వచ్చిందంటే

ముత్తంగి,
ఆదివారం.

నిషిత వాళ్ళ నాన్నకు నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ అందరం క్షేమమని రాసి కొట్టేశాను. తింటున్నాం, ఎవరికీ జ్వరాలు లేవు, పాప ఒంటి మీద కొత్త దెబ్బలు లేవు. అంతవరకు క్షేమమే. జామ్‌నగర్‌లో మీరు వేళకు తింటున్నారని, వెల్డింగ్ పనికి వచ్చిన కళ్ళమంట తగ్గిందని తలుస్తాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. దూరంగా ఉన్న తండ్రులు ఫోన్లో కాదు, చేత్తో ఒక పేజీ రాసి పంపాలని ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల క్లాసులో తేజస్విని మేడం పట్టుబట్టినప్పుడు మీరు రాస్తారని నేను అనుకోలేదు. నాలుగు సంగతులు అడిగారు. వరుసగా చెబుతాను. ఆఖరిదానికి మాత్రం కొంచెం ఆగండి.

పాప పెరుగన్నం కాక ఇంకేమైనా తింటోందా అన్నారు. ఉడికించిన ఆలుగడ్డ తింటోంది, ఉప్పు ఒక్కటే వేసి. పళ్ళెంలో అది అన్నానికి తగలకూడదు. తగిలితే పళ్ళెం గోడకు కొడుతుంది.

కుక్కర్ కూతకు ఇంకా అరుస్తోందా అన్నారు. కుక్కర్ వాడడమే మానేశాను. కానీ పక్క కంపెనీ సైరన్‌ను నేను ఆపలేను కదా. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు సైరన్‌కు ఇప్పటికీ మణికట్టు కొరుక్కుంటుంది. కింది వాటావాళ్ళు మనల్ని ఖాళీ చేయించమని ఇంటాయనను అడిగారట. నాతో కూడా చెప్పారు. "ఏమనుకోకు చెల్లె, మాకు పరీక్షలు రాసే పిల్లలున్నరు" అంది ఆవిడ, మంచిగానే. మంచిగా చెప్పింది కాబట్టి ఎదురు మాట్లాడలేకపోయాను.

ఆటిజం పాపకైతే క్లాసు మనకెందుకు అని రాశారు. మొదట నాకూ అదే కోపం. పటాన్‌చెరులో మందుల దుకాణం పైన ఒక గది, నేల మీద చాపలు, ఆరు కుటుంబాలు. మేడం కొడుకు కాలేజీ వయసువాడు, అతనూ మన పాపలాంటివాడేనట. మొదటి రోజే నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టి, "పాప అరిచినప్పటి సంగతి కాదమ్మా, దానికి ముందు పది నిమిషాల్లో ఇంట్లో ఏం జరిగిందో రాయండి" అంది. పదకొండు రోజులు రాశాను. ఎక్కువసార్లు నేను ఒక్క గుక్కలో మూడు మాటలు చెప్పి ఉన్నాను. చెప్పులేసుకో, నీళ్ళు తాగు, జల్దీ రా. ఇప్పుడు ఒక్క మాట చెప్పి, మనసులో పది లెక్కపెడుతున్నాను. ఒకరోజు ఎనిమిది దగ్గర పాప తనంతట తానే చెప్పులో కాలు పెట్టింది. ఏడేళ్ళుగా నేను రెండు దగ్గరే అరిచేదాన్నని అప్పుడు తెలిసింది.

సంతోషం రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్ళూ తప్పంతా నాదేనన్న మాట ఒక్కటే లోపల తిరిగింది. అలా కాదని మేడం ఎన్నిసార్లు చెప్పినా నా చెవికెక్కలేదు. స్నానం చేస్తున్నా తలుపు తీసి పెట్టుకోవాల్సిందే, లేకపోతే పాప మెట్లు దిగి రోడ్డెక్కుతుంది. ఒక్క అరగంట కళ్ళు మూసుకోవడానికి మనిషి లేదు. ఎవరు తలుపు కొట్టినా ఏడుపొచ్చేది.

ఇక నాలుగోది. పత్తి ఏరే రోజుల్లో చేను వదిలి మీ అమ్మ మన ఇంటికి ఎందుకు వచ్చిందో ఎవరూ సరిగా చెప్పడం లేదని రాశారు. రోడ్డు మీద పాప చెయ్యి జారిందని నేను ఫోన్లో చెప్పాను. మీరు జాగ్రత్త అన్నారు.

చెయ్యి జారలేదు. నేను వదిలాను.

ఆ గురువారం పటాన్‌చెరు నుంచి ఆటోలో వచ్చి సర్వీసు రోడ్డు పక్కన దిగాం. గోదాముల నుంచి ట్రైలర్ లారీలు వరుసగా వస్తున్నాయి. ఆ హారన్లకు పాప నా చెయ్యి కొరికింది. నేను అరవలేదు, కొట్టలేదు. ఇగ అయిపోనీ అనుకుని వేళ్ళు విప్పాను. పాప రోడ్డు మీదికి నడిచింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. పిలవడానికి చాలినంతసేపు. పిలవలేదు.

ట్రైలర్ బ్రేకు పడింది. పాప దాని ముందు చెవులు మూసుకుని కూలబడింది. డ్రైవర్ దిగి, "దీదీ, బచ్చీ కో పకడో" అన్నాడు, పాపను పట్టుకోమని. హిందీవాడు, చిన్న వయసు. అతని చేతులు వణుకుతున్నాయి. పాపను ఎత్తుకున్నప్పుడు నా చేతులు వణకలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆదివారం క్లాసులో, ఆ వారం అన్నిటికన్నా కష్టమైన గంట ఏదని మేడం ఒక్కొక్కరినీ అడిగింది. నా వంతు రాగానే చెప్పేశాను. భానూర్ నుంచి అంజయ్య అని ఒక రైతు వస్తాడు, పన్నెండేళ్ళ కొడుకు. ఆయన తల ఎత్తకుండా అన్నాడు.

"నేను గూడ అమ్మా. నిరుడు పిలగాణ్ణి బాయి కాడికి తోల్కపోయిన. గడ్డ మీద నిలవడ్డ. మల్ల వాపస్ తోల్కొచ్చిన. గీ మాట నా పెండ్లానికి గూడ తెల్వది."

మేడం నన్ను ఓదార్చలేదు. నా పక్కకు జరిగి కూర్చుని, "ఆ ఆలోచన ఇప్పటికీ వస్తోందా?" అని అడిగింది.

"వస్తుంది మేడం."

"అయితే ఈరోజు మీరూ పాపా ఒంటరిగా ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు. మీవాళ్ళలో ఎవరికి ఫోన్ చెయ్యను?"

నా నోట అత్తమ్మ పేరు వచ్చింది. ఎందుకో తెలియదు. నా కన్నతల్లి పేరు రాలేదు. చేతికి పట్టిన పత్తి దుమ్ము కూడా కడుక్కోకుండా సాయంత్రానికి వచ్చింది అత్తమ్మ. మరునాడు మేడం నన్ను సంగారెడ్డి తీసుకెళ్ళి మానసిక వైద్యురాలికి చూపించింది. మాత్రలు ఇచ్చారు. వారానికోసారి వెళ్ళాలి. అంజయ్యను కూడా మేడమే తీసుకెళ్ళింది.

అత్తమ్మకు అబద్ధం చెప్పి ఆమె వండింది తినలేకపోయాను. "అత్తమ్మా, చెయ్యి జారలే. నేనే ఇడిసిపెట్టిన" అన్నాను. తిడుతుందని, పాపను తీసుకుని ఊరికి పోతుందని అనుకున్నాను. పాప పళ్ళెం తీసి పక్కన పెట్టి అంది, "నీ మీద నాకు గుస్స ఉన్నది, దాస్తె దాగదు. గని నువ్వు గట్లయ్యేదాంక మేమంత ఏడున్నం?"

తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. కానీ ఒకటి చెబుతాను. రోడ్డు మీదికి వెళ్తే ఇప్పుడు పాప చెయ్యి ఆమే పట్టుకుంటుంది. నాకివ్వదు. నేనూ అడగను.

మీతో పనిచేసిన సంగయ్య మొన్న వచ్చాడు. కంపెనీ మిమ్మల్ని బలవంతంగా పంపిందని నేనంటే, "లేదు వదినా, సైటుకు అన్ననే పేరిచ్చిండు. నీకు తెల్వదా?" అన్నాడు. ఆ రోజంతా మీ మీద కోపం. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడు లేదు. మీరూ చెయ్యి విడిపించుకోవాలనే పేరిచ్చారని, ఆ రోడ్డు పక్కన నిలబడిన నాకు అర్థమైంది.

ఇది చదివితే మీకు నా మీద అసహ్యం కలగవచ్చు. కలిగినా రండి. ఎదురుగా కూర్చుని అనండి, వింటాను. మాత్రలు పనిచేస్తున్నాయని డాక్టరమ్మ అంటోంది. నాకింకా తెలియడం లేదు. మామయ్య కంటి ఆపరేషన్‌కని నెలాఖరుకు అత్తమ్మ ఊరికి వెళ్ళాలి. ఆ తర్వాత ఈ ఇంట్లో పాప, నేను, అంతే. ఇన్నేళ్ళూ పాపను చూసి భయమేస్తోందని మీకు చెప్పాను. ఇప్పుడు నన్ను చూసి నాకే భయమేస్తోంది. సెలవు దొరకదని రాయకండి. నిషితను నా ఒక్కదాని దగ్గర ఉంచకండి.

ఇట్లు,
మీ భార్య,
నిషిత తల్లి.